పార్టీ మహాసభకు ప్రతినిధిగా వెళ్లడం ఎలా? జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ బస్తీల కార్యకర్తలకు పూర్తి వివరాలు

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే అందరికీ స్టూడియోలు, హీరోల ఇళ్లు గుర్తొస్తాయి. తెలుగు రాజకీయాలకు కూడా ఈ కొండలు పాత పరిచయమే. సినిమా నుంచి వచ్చిన ఎన్టీఆర్ 1982 మార్చి 29న హైదరాబాద్‌లో తెలుగుదేశం ప్రకటించారు. చిరంజీవి 2008 ఆగస్టులో తిరుపతిలో ప్రజారాజ్యం పెట్టారు. పవన్ కల్యాణ్ 2014 మార్చి 14న హైదరాబాద్‌లోనే జనసేన ప్రకటించారు. టీడీపీ ఎన్టీఆర్ ట్రస్ట్ భవన్, బీఆర్ఎస్ తెలంగాణ భవన్ రెండూ పక్కనే బంజారాహిల్స్‌లో ఉన్నాయి.

నాయకుల ఇళ్లు కొండ మీద ఉంటే, జెండాలు కట్టేవాళ్ల ఇళ్లు కింద బస్తీల్లో ఉన్నాయి. షేక్‌పేట, కృష్ణానగర్, రహ్మత్‌నగర్, బోరబండ, ఎర్రగడ్డ, ఫిల్మ్‌నగర్ బస్తీలు. డ్రైవర్లు, లైట్‌మెన్, టైలర్లు, మెకానిక్‌లు, చిన్న దుకాణాల వాళ్లు. వీళ్లలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. 2023లో జూబ్లీహిల్స్ అసెంబ్లీ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి మహ్మద్ అజారుద్దీన్ 16,337 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2025 నవంబర్ ఉప ఎన్నికలో అదే కాంగ్రెస్ 24,729 ఓట్ల తేడాతో గెలిచింది. రెండు ఎన్నికల్లోనూ అన్ని పార్టీలూ ఈ బస్తీల గల్లీ గల్లీ తిరిగాయి.

ఓట్ల రోజు బూత్ దగ్గర కూర్చునే వాళ్లలో, పార్టీ విధానం రాసే మహాసభ లోపల కుర్చీ దొరికేది ఎంతమందికి? ఆ కుర్చీ దొరికితే ఏం చేయొచ్చు? ప్రతినిధిగా వెళ్లాలనుకునే కార్యకర్తకు, అతని ఇంట్లో వాళ్లకు పనికొచ్చే వివరాలు ఇవి.

ప్రతినిధి వేరు, సభకు వెళ్లిన జనం వేరు

మహాసభ, ప్లీనరీ, మహానాడు, పార్టీ కాంగ్రెస్, అధివేశన్. పేరు ఏదైనా అర్థం దాదాపు ఒకటే. కింది కమిటీల నుంచి వచ్చిన ప్రతినిధులు కూర్చుని, పార్టీ తీర్మానాలు ఆమోదించి, నాయకత్వాన్ని ఎన్నుకునే సమావేశం. చివరి రోజు సాయంత్రం జరిగే బహిరంగ సభ దీనికి అదనం. బస్సుల్లో జనం వచ్చేది ఆ బహిరంగ సభకే.

లోపలికి వెళ్లే వాళ్లలో కూడా రకాలున్నాయి:

- ప్రతినిధి: కమిటీ ఎన్నుకున్న లేదా పంపిన వ్యక్తి. మాట్లాడే హక్కు, సవరణ ఇచ్చే హక్కు, ఓటు హక్కు ఇతనివే.
- పరిశీలకుడు: లోపల కూర్చుని వినొచ్చు. సాధారణంగా ఓటు ఉండదు.
- ఆహ్వానితుడు: సీనియర్లు, మాజీలు, అతిథులు. హక్కులు పార్టీని బట్టి మారతాయి.
- వలంటీర్: గేటు, భోజనాలు, వైద్య శిబిరం చూసుకునే కార్యకర్త. ఓటు ఉండదు.

మీ చేతికి కార్డు రాగానే దాని మీద ఏం రాసి ఉందో ముందు చూడండి. 'ప్రతినిధి' అని చెప్పి తీసుకెళ్లి వలంటీర్ పాస్ ఇస్తే, వెళ్లినా ఓటు ఉండదు. దారుస్సలాంలో జరిగే మజ్లిస్ జల్సా చూసిన వాళ్లకు ఈ తేడా తెలియకపోవచ్చు. జల్సా బహిరంగ సభ, ఎవరైనా వెళ్లి వినొచ్చు. మహాసభలో పేరు జాబితాలో లేకపోతే గేటు దాటలేరు.

ఈ గేటు నియమానికి మన దగ్గర పాత ఉదాహరణ ఉంది. 1923 డిసెంబర్‌లో కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. అక్కడి ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర 14 ఏళ్ల వలంటీర్ ఒకమ్మాయి టికెట్ లేని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. నిర్వాహకులు కోప్పడితే తనకు చెప్పిన పనే చేశానని జవాబిచ్చింది. టికెట్ కొన్నాకే నెహ్రూ లోపలికి వెళ్లారు. ఆ అమ్మాయే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ముందు మీ నియోజకవర్గం ఏదో చూసుకోండి

ఈ ప్రాంతంలో చాలామంది తికమకపడేది ఇక్కడే. జూబ్లీహిల్స్ కాలనీలో ఉన్నంత మాత్రాన జూబ్లీహిల్స్ అసెంబ్లీలో ఉన్నట్టు కాదు. 2009 నుంచి అమల్లో ఉన్న విభజన ప్రకారం షేక్‌పేట, యూసుఫ్‌గూడ, రహ్మత్‌నగర్, బోరబండ, ఎర్రగడ్డ, వెంగళరావునగర్ వైపు ప్రాంతాలు జూబ్లీహిల్స్ అసెంబ్లీ కిందకు వస్తాయి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ కాలనీల్లో ఎక్కువ భాగం ఖైరతాబాద్ కిందకు వెళ్లింది. ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల రోడ్డుకు ఇటు ఒకటి, అటు ఒకటి అన్నట్టు ఉంటుంది.

ప్రతినిధుల కోటా నియోజకవర్గం లేదా బ్లాక్ లెక్కన వస్తుంది. కాబట్టి ఓటరు కార్డు మీద నియోజకవర్గం పేరు, పార్ట్ నంబర్ చూసుకోవాలి. పార్టీ సభ్యత్వం కూడా అదే చోట నమోదై ఉండాలి. ఓటు ఒక చోట, సభ్యత్వం ఇంకో చోట ఉంటే జాబితా తయారయ్యేటప్పుడు పేరు ఎగిరిపోతుంది.

ప్రభుత్వ ఉద్యోగులకు, ప్రభుత్వ టీచర్లకు ఒక హెచ్చరిక. సర్వీసు నిబంధనల ప్రకారం వాళ్లు పార్టీ కార్యకలాపాల్లో పాల్గొనకూడదు. ఇంట్లో ఒకరు ఉద్యోగంలో ఉంటే, రెండోవాళ్లు ప్రతినిధిగా వెళ్లడానికి ఆ నియమం అడ్డం కాదు.

ఏ పార్టీలో దారి ఎలా ఉంటుంది

కాంగ్రెస్: పార్టీ నియమావళి ప్రకారం ఒక్కో బ్లాక్ కమిటీ నుంచి ఒకరు పీసీసీ సభ్యులవుతారు. పీసీసీ సభ్యుల్లో ఆరో వంతు మంది ఏఐసీసీకి ఎన్నికవుతారు. కాగితం మీద ఇది ఎన్నిక. ఆచరణలో చాలాచోట్ల నాయకులు కూర్చుని ఏకాభిప్రాయంతో పేర్లు ఖరారు చేస్తారు. అందుకే పేరు పడాలంటే బ్లాక్ అధ్యక్షుడి దగ్గర పని కనిపించాలి. పీసీసీ ప్రతినిధి కార్డు విలువ 2022 అక్టోబర్ 17న తెలిసింది. పార్టీ అధ్యక్ష ఎన్నికలో దేశం మొత్తం మీద 9,385 మంది ఓటేశారు. మల్లికార్జున ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 వచ్చాయి. 416 చెల్లలేదు. తెలంగాణ ప్రతినిధులు గాంధీభవన్‌లో ఓటేశారు.

తెలుగుదేశం: ఎన్టీఆర్ పుట్టినరోజు మే 28 కాబట్టి మహానాడు ఆ తేదీ చుట్టూ జరుగుతుంది. ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట మీదుగా వెళ్తే దగ్గరగా ఉండే గండిపేటలో చాలాసార్లు జరిగింది. కరోనా వల్ల 2020, 2021లో జూమ్‌లో పెట్టారు. తర్వాత ఒంగోలు, రాజమహేంద్రవరం. 2025 మే 27 నుంచి 29 వరకు మొదటిసారి కడపలో జరిగింది, అక్కడే చంద్రబాబును మళ్లీ జాతీయ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. సభ్యత్వం రూ.100, దానికి రూ.5 లక్షల ప్రమాద బీమా ఉంది. వార్డు, డివిజన్, నియోజకవర్గం, పార్లమెంటు కమిటీల్లో పదవి ఉన్నవాళ్లకు పిలుపు సులభం.

బీఆర్ఎస్: పార్టీ పుట్టిన రోజు ఏప్రిల్ 27. ప్లీనరీకి నియోజకవర్గాల వారీగా పాసులు కేటాయిస్తారు. ఎన్నిక కన్నా ఆహ్వానం ఎక్కువ. 2021 అక్టోబర్ 25న హైటెక్స్‌లో, 2022 ఏప్రిల్ 27న హెచ్ఐసీసీలో జరిగినవి ప్రతినిధుల సభలు. 2025 ఏప్రిల్ 27న ఎల్కతుర్తిలో జరిగిన రజతోత్సవం బహిరంగ సభ.

బీజేపీ: సాధారణ సభ్యుడు, సక్రియ సభ్యుడు అని రెండు మెట్లు. 2024 సభ్యత్వ కార్యక్రమంలో సక్రియ సభ్యుడు కావడానికి 50 మందిని చేర్పించాలన్నారు. మండల, జిల్లా, రాష్ట్ర మెట్లు దాటాకే జాతీయ పరిషత్. 2022 జులై 2, 3 తేదీల్లో హెచ్ఐసీసీలో జరిగింది జాతీయ కార్యవర్గం. అది పెద్ద నాయకుల సమావేశం, బస్తీ కార్యకర్తకు అందులో కుర్చీ ఉండదు.

సీపీఎం: మూడేళ్లకోసారి శాఖ నుంచి మొదలై జిల్లా, రాష్ట్రం, చివరికి అఖిల భారత మహాసభ. ప్రతి మెట్టులో పై సభకు ప్రతినిధుల్ని ఎన్నుకుంటారు. ముసాయిదా తీర్మానం రెండు నెలల ముందే శాఖలకు వస్తుంది. ప్రతినిధుల వయసు, వృత్తి, ఎన్నేళ్లు జైల్లో ఉన్నారు లాంటి వివరాలతో ఒక నివేదిక కూడా సభలో చదువుతారు.

లోపల ఏం జరుగుతుంది

రెండు మూడు రోజుల కార్యక్రమం ఎక్కడైనా కొంచెం అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది.

మొదటి ఉదయం రిజిస్ట్రేషన్. ఫొటో గుర్తింపు చూపించి, రుసుము కట్టి, కార్డు, సంచి, తీర్మానాల పుస్తకం తీసుకోవాలి. తర్వాత జెండా ఎగరేయడం, చనిపోయిన వాళ్లకు సంతాపం, అధ్యక్షుడి ప్రసంగం, ప్రధాన కార్యదర్శి నివేదిక, కోశాధికారి లెక్కలు. కోశాధికారి లేచేసరికి సగం మంది టీ కోసం బయటికి వెళ్తారు. కానీ పార్టీకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అనేది తెలిసేది అప్పుడే.

తర్వాత అసలు పని. ఒకరు తీర్మానం ప్రవేశపెడతారు, ఇంకొకరు బలపరుస్తారు, కొందరు మాట్లాడతారు, సవరణలుంటే చదువుతారు, చివరికి ఆమోదం. ఎక్కువ పార్టీల్లో చేతులెత్తడం లేదా చప్పట్లతోనే ఆమోదం అయిపోతుంది. రహస్య బ్యాలెట్ అరుదు.

మాట్లాడాలంటే పేరు ముందే ఇవ్వాలి. కొత్తవాళ్లకు రెండు మూడు నిమిషాల కన్నా ఎక్కువ దొరకదు. నాయకుణ్ణి పొగడటానికే ఆ రెండు నిమిషాలు పోతే బస్తీ సంగతి బస్తీలోనే ఉండిపోతుంది. సమస్య ఒకటి, దానికి కావాల్సిన నిర్ణయం ఒకటి, ఈ రెండూ కాగితం మీద రాసుకుని వెళ్లడం మేలు. ఉర్దూలో లేదా తెలుగులో, ఏ భాషలో ధారాళంగా వస్తే అందులో మాట్లాడొచ్చు. జాతీయ సభల్లో అయితే హిందుస్తానీ వచ్చిన హైదరాబాద్ ప్రతినిధికి అది పెద్ద సౌకర్యం.

ప్రతినిధి చేతికి నిజంగా బలం ఉందా?

కొన్నిసార్లు ఉంది, కొన్నిసార్లు లేదు. చరిత్రలో రెండు రకాలూ కనిపిస్తాయి.

1921 అహ్మదాబాద్ కాంగ్రెస్ సభలో మౌలానా హస్రత్ మోహానీ సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని తీర్మానం పెట్టారు. గాంధీజీ వ్యతిరేకించారు, తీర్మానం ఓడిపోయింది. 8 ఏళ్ల తర్వాత 1929 డిసెంబర్‌లో లాహోర్ సభ అదే లక్ష్యాన్ని ఆమోదించింది. ఓడిన తీర్మానం కూడా రికార్డులో ఉంటుంది.

1992 ఏప్రిల్‌లో తిరుపతి ప్లీనరీలో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీకి ఓటింగ్ జరిగింది. గెలిచిన వాళ్లలో ఒక్క దళిత నేత, ఒక్క గిరిజన నేత, ఒక్క మహిళ కూడా లేరు. ఆ కారణం చూపి పీవీ నరసింహారావు వాళ్లతో రాజీనామా చేయించి, కమిటీని మళ్లీ వేశారు. ఓటు ఉన్నంత మాత్రాన బలహీన వర్గాలకు చోటు దొరకదని ఒకవైపు, ఓటుతో వచ్చిన ఫలితాన్ని పైవాళ్లు తిప్పేయగలరని ఇంకోవైపు తిరుపతి చూపించింది. 1997 కలకత్తా తర్వాత ఆ కమిటీకి మళ్లీ ఓటింగ్ జరగలేదు. 2023 ఫిబ్రవరి 24 నుంచి 26 వరకు జరిగిన రాయ్‌పూర్ ప్లీనరీ కూడా నియామకం అధ్యక్షుడికే వదిలింది. అదే సభ ఆ కమిటీలో సగం సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు, యువతకు ఉండాలని నియమావళి మార్చింది.

ప్రతినిధులు పార్టీ దారిని మార్చిన సంగతి హైదరాబాద్‌లోనే ఉంది. 2018 ఏప్రిల్ 18 నుంచి 22 వరకు బాగ్‌లింగంపల్లి ఆర్టీసీ కల్యాణమండపంలో సీపీఎం 22వ మహాసభ జరిగింది. ఆ ప్రాంగణానికి పార్టీ సీనియర్ నేత మహ్మద్ అమీన్ పేరు పెట్టారు. కాంగ్రెస్‌తో ఎలాంటి అవగాహనా వద్దని ముసాయిదా చెప్పింది. ప్రతినిధులు ఒకరి తర్వాత ఒకరు లేచి అభ్యంతరం చెప్పారు, రహస్య ఓటింగ్ అడిగారు. చివరికి ఓటింగ్ దాకా పోకుండానే వాక్యం మారింది. రాజకీయ పొత్తు మాత్రమే వద్దు అన్నంత వరకు తగ్గించారు. ఒక్క పదం మార్పుతో ఎన్నికల అవగాహనకు తలుపు తెరుచుకుంది.

పార్టీ ఏం రాసుకున్నా చెల్లుతుందా అంటే అదీ లేదు. 2022 జులైలో గుంటూరు దగ్గర జరిగిన వైఎస్సార్సీపీ ప్లీనరీ జగన్‌ను జీవితకాల అధ్యక్షుణ్ణి చేసిందని వార్తలొచ్చాయి. శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం సెప్టెంబర్‌లో తేల్చి చెప్పింది.

అమెరికాలో 2024 ఆగస్టులో షికాగోలో జరిగిన డెమోక్రటిక్ మహాసభలో సుమారు 30 మంది ప్రతినిధులు గాజా విషయంలో ఎవరికీ మద్దతు ప్రకటించకుండా వచ్చారు. వేదిక మీద ఒక పాలస్తీనా అమెరికన్‌కు మాట్లాడే అవకాశం ఇవ్వమన్నారు. పార్టీ ఇవ్వలేదు. వాళ్లు హాలు బయట రాత్రంతా కూర్చున్నారు. అడిగింది దొరకలేదు, కానీ ఆ డిమాండ్ ప్రపంచమంతా విన్నది.

ముస్లిం ప్రతినిధి ఏం అడగాలి

మైనారిటీ సెల్ నుంచి వెళ్లిన వాళ్లను చాలాసార్లు మైనారిటీ తీర్మానం వచ్చినప్పుడే పిలుస్తారు. విద్య, ఉపాధి, పట్టణాభివృద్ధి తీర్మానాల మీద కూడా మాట్లాడే హక్కు ఉంది. కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ సినిమా కార్మికులు 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోసం సమ్మె చేశారు. ఆ కష్టంలో హిందూ, ముస్లిం తేడా లేదు. కార్మిక తీర్మానం మీద ఆ సంగతి చెప్పగలిగేది బస్తీ ప్రతినిధే.

హామీకి, అమలుకు మధ్య దూరం మన కుటుంబాలకు బాగా తెలుసు. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఈ 4 శాతం రిజర్వేషన్ 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. అసలు కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. దాన్ని 12 శాతానికి పెంచే బిల్లు 2017 ఏప్రిల్ 16న తెలంగాణ అసెంబ్లీ ఆమోదించింది, కానీ అమలు కాలేదు. కాబట్టి తీర్మానంలో మాట ఎలా రాశారనేది ముఖ్యం.

"మైనారిటీల సంక్షేమానికి కట్టుబడి ఉన్నాం" అనే వాక్యాన్ని ఎవరూ కాదనరు, ఐదేళ్ల తర్వాత ఎవరూ నిలదీయలేరు. "ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రతి విద్యా సంవత్సరం ముగిసేలోగా చెల్లించాలి" అనే వాక్యాన్ని నిలదీయొచ్చు. 2025 ఉప ఎన్నికలో ఇక్కడి ముస్లింలు గట్టిగా అడిగిన వాటిలో ఖబ్రస్తాన్ స్థలం ఒకటి. ఒక బస్తీ ఖబ్రస్తాన్ జాతీయ తీర్మానంలోకి రాదు. "పట్టణ లేఅవుట్లలో శ్మశానాలకు, ఖబ్రస్తాన్‌లకు స్థలం ముందే కేటాయించాలి" అని రాస్తే వస్తుంది. బస్తీ అవసరాన్ని అందరికీ వర్తించే వాక్యంగా మార్చడమే సవరణ రాయడంలో కిటుకు.

సవరణ ఇచ్చే పద్ధతి: తీర్మానం పేరు, పేరా నంబర్, తీసేయాల్సిన మాట, చేర్చాల్సిన మాట, మీ పేరు, కార్డు నంబర్. బలపరిచే మరో ప్రతినిధి సంతకం కూడా ఉంటే మంచిది. రెండు కాపీలు చేసి, ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి.

ఇంటి నుంచి బయలుదేరే ముందు

- ఖర్చు: రైలు టికెట్, రుసుము, బస ఎవరు భరిస్తారో ముందే అడగండి. నాయకుడు పెట్టుకుంటానంటే, ఆ తర్వాత ఓటు ఆయన చెప్పినట్టే వేయాల్సి వస్తుందా అన్నది మీరే ఆలోచించుకోవాలి. బస్తీలో పదిమంది చందా వేసి పంపితే ఆ ఇబ్బంది ఉండదు.
- కూలి: రోజు కూలీకి, షూటింగ్ పనికి వెళ్లేవాళ్లకు మూడు రోజులు అంటే మూడు రోజుల సంపాదన. ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.
- కాగితాలు: ఆధార్ లేదా ఓటరు కార్డు, సభ్యత్వ రసీదు, కమిటీ లెటర్, రెండు ఫొటోలు.
- నమాజ్: జొహర్, అసర్ సమయాల్లో సభ నడుస్తుంటుంది. దగ్గర్లోని మసీదు ముందే కనుక్కోండి. జుమా రోజు పడితే వలంటీర్లకు చెప్పి బయటికి వెళ్లి రావచ్చు. ముఖ్యమైన ఓటింగ్ ఆ సమయంలో పెట్టొద్దని అధ్యక్ష వేదికకు ముందే చీటీ ఇవ్వొచ్చు. ప్రయాణంలో ఖసర్ గురించి మీ ఇమామ్ సాబ్‌ను అడగండి.
- భోజనం: మహానాడు లాంటి సభల్లో వేల మందికి వడ్డిస్తారు. హలాల్ గురించి అనుమానం ఉంటే శాకాహారం తీసుకోవడం తేలిక.
- ఎండ: ఏప్రిల్, మే సభలైతే ఓఆర్ఎస్, బీపీ, షుగర్ మాత్రలు తప్పనిసరి.
- మహిళలు: బస, రాత్రి ప్రయాణం, మహిళల కౌంటర్ వివరాలు నిర్వాహకుల నుంచి ముందే తీసుకోండి. ఒక్కరుగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి పేర్లు ఇస్తే ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ధైర్యం.

తిరిగొచ్చాక

ప్రతినిధి పని చివరి రోజు బస్సు ఎక్కడంతో అయిపోదు. నాయకుడితో దిగిన సెల్ఫీ వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు ఉంటుంది. తీర్మానాల పుస్తకం మాత్రం వచ్చే ఎన్నికల దాకా పనికొస్తుంది. దాన్ని దాచుకుని, వారం లోపల బస్తీలో పదిమందిని కూర్చోబెట్టి హిసాబ్ చెప్పాలి. ఏ తీర్మానాలు వచ్చాయి, మన సవరణ ఏమైంది, ఎవరు బలపరిచారు, ఎవరు ఊరుకున్నారు. ఇంటింటికీ ఓటు అడగడానికి ఎమ్మెల్యే అభ్యర్థి వచ్చినప్పుడు, ఆ పుస్తకంలో పేజీ తీసి చూపించి అడిగే ప్రశ్నకు బరువు ఉంటుంది.

రాబోయే మహాసభకు మీ బస్తీ నుంచి ఎవరి పేరు వెళ్తుందో ఇప్పటి నుంచే కనుక్కోండి. సభ్యత్వం ఉందా, పేరు సరైన నియోజకవర్గంలో ఉందా, కమిటీ సమావేశం ఎప్పుడు. ఈ మూడూ తెలిసిన వాళ్ల పేరే జాబితాలోకి ఎక్కుతుంది.